మా పీపాల బ్యాండు ఆగిన చోటు

అప్పట్లో మా వైపు పనిలేని చప్పుడంటూ ఉండేది కాదు. ఇప్పుడు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. ఎందుకు మోగుతోందో వినేవాడికీ తెలియదు, మోగించేవాడికీ తెలియదు. ఆ రోజుల్లో రామన్నపేటకు కాస్త ఎడంగా ఉండే మా ఊళ్లో అరుగు మీద ఓ పూట ఊరికే కూర్చుంటే చాలు, ఊరి వార్తలన్నీ చెవిలో పడేవి. మగ్గాలు టకటకలాడుతుంటే నూలు వచ్చిందన్నమాట. ఊరుకున్నాయంటే నూలు రాలేదన్నమాట. మెడగంటలు దగ్గరవుతుంటే గొర్లు ఇల్లు చేరుతున్నట్టు. డప్పు ఒక తీరుగా మోగితే పెండ్లి, ఇంకో తీరుగా మోగితే చావు. అదే డప్పు కాసేపు మోగి టక్కున ఆగిందా, అది దండోరా. ఆగిన తర్వాత ఎవరో ఏదో చెప్తారు. చెరువు తూము ఎత్తుతున్నారనో, తహశీల్దారు వస్తున్నాడనో, ఫలానా వాళ్ల బర్రె తప్పిపోయిందనో. అందుకని డప్పు ఆగితే చాలు, అన్నం తింటున్నవాడు ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి వచ్చేవాడు. (మా అవ్వకు చెవుడు. డప్పు మోగినప్పుడు ఆమెకు వినిపించేది కాదు గాని, ఆగినప్పుడు మాత్రం ఎట్లాగో తెలిసిపోయేది.) ఈ సంగతి ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసి తెలిసి నేను అదే ఊళ్లో, ఇంకా మీసాలు సరిగ్గా రాని వయసులో, నూనె పీపాల మీద లాటిన్ జాజ్ కట్టాను.

లాటిన్ జాజ్ దాకా ఎట్లా వచ్చానో చెప్పాలంటే బడి దగ్గర మొదలుపెట్టాలి. బడి నాకు ఏడో తరగతితో సరిపోయింది. పంతులు లెక్క అడిగితే వెనక వరసలోంచి ఆయన గొంతుతోనే జవాబు చెప్పేవాణ్ని. జవాబు తప్పు, గొంతు మాత్రం అచ్చం ఆయనదే. ఒకరోజు ఆయన మా నాయినను పిలిపించి, "నీ కొడుక్కు ఇంక నేర్పేది ఏం మిగల్లేదయ్యా, నా కంటె మంచిగ నా లెక్కనే మాట్లాడుతుండు, తీస్కపో" అన్నాడు. మాది మగ్గం ఇల్లు. నాయిన నన్ను తీసుకొచ్చి నేరుగా గుంట మగ్గం ముందు నిలబెట్టి, "గీడ ఎవ్వల గొంతుతోని మాట్లాడుతవో మాట్లాడు" అన్నాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే లోకం నడుము దాకానే కనిపిస్తుంది. వీధిలో పోయేవాళ్ల కాళ్లు చూసి మనిషిని పోల్చుకోవాలి. నాకేమో లోకం మొహం చూడాలని ఉండేది. ఎట్లాగో నాయినను ఒప్పించి చిట్యాలలో సడక్ మీద లారీలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాను. ఒప్పించాను అంటే, నాయిన విసుగెత్తి చెయ్యి విదిలించాడని అర్థం.

ఆ షెడ్డుకు కావలి ఉండేవాడు బాజా మామ. మా అమ్మకు దూరపు వరసలో తమ్ముడు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో దొరలు నాట్యం చేస్తుంటే బూర ఊదినవాడు. ముందు పండ్లు ఊడిపోయాక ఊపిరి బూరలోకి పోకుండా పక్కలకు పోతోందని, బూర అమ్మేసి ఇంటికొచ్చాడు. వస్తూ వస్తూ కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను పెట్టె ఒకటి, దొరలు వదిలిపోయిన రికార్డులు కొన్ని తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం లారీలు లేని వేళ షెడ్డు వెనక వేపచెట్టు నీడలో ఆ పెట్టె మోగేది. అందులో ఒక రికార్డు మాత్రం మిగతా వాటిలాంటిది కాదు. ఇత్తడి గిన్నెల మీద వాన పడుతున్నట్టు ఉండేది, అయితే ఆ వానకు చక్కగా తాళం తెలుసు.

"మామా, గిదేం పాట? మాట లేదు, పద్యం లేదు" అన్నాను.

"లాటిన్ జాజ్‌రా అల్లుడా."

"లాటిన్ అంటే యాడ? పాలమూరు దాటినంక వస్తదా?"

"ఊరు గాదు, దేశం గాదు. గదొక మిజాజ్. నడుము దానంతట అదే కదుల్తది సూడు, గదే లాటిన్. నిజం జెప్పు, కదుల్తున్నదా లేదా?"

కదులుతోంది. (లారీ కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగిస్తున్నవాడి నడుము కూడా కదిలింది. మేస్త్రీ వచ్చి తిట్టాడు.)

ఆ రికార్డు అట్ట మీద బొమ్మ ఉండేది. రంగురంగుల చొక్కాల మనుషులు మెడలో కోసిన పీపాలు వేలాడేసుకుని నవ్వుతున్నారు. మామ చెప్పాడు: "సముద్రంల ఏదో దీవి ఉన్నదంట. ఆడి జనాన్ని డోళ్లు కొట్టద్దని దొరలు కట్టడి చేసిర్రంట. ఊకుంటరా? నూనె పీపాలు కోసి, అడుగు సుత్తెతోని గుంట కొట్టి, ఒక్కో సొట్టకు ఒక్కో సురం పలికిచ్చిర్రు." నేను బొమ్మ వంక చూశాను, షెడ్డు వెనక్కి చూశాను. సాగర్ దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. పీపాలు మోసుకుని లారీలు మా షెడ్డు ముందునుంచే పోయేవి. చిల్లిపడ్డ పీపాలను మా వెనక పారేసేవారు. ఆ దీవి వాళ్లకు దేవుడు అదనంగా సముద్రం ఇచ్చాడు. మాకు పీపాలు ఇచ్చాడు, మామను కూడా ఇచ్చాడు. ఇంకేం కావాలి?

మా ఊరి కమ్మరి కొడుకు ఒకడు నాకు దోస్తు, వాణ్ని సుత్తి అనేవాళ్లం. చేతిలో సుత్తె ఉంటే వాడి మనసు నిమ్మళంగా ఉండేది, లేకపోతే పరేషాన్. ఇంకొకడు ఊరి మందలు మేపే గొర్లకాక కొడుకు ఈలగాడు. మందలో ఏ గొర్రెకు ఆ ఈల వేసి పిలిచేవాడు, ఒకదాని ఈలకు ఇంకోటి తలెత్తేది కాదు. ఈలగాడు ఈల వేస్తే, ఆ స్వరం పలికేదాకా సుత్తి పీపా అడుగును కొట్టాలి, మామ చుట్ట నోట్లోంచి తీస్తే స్వరం కుదిరినట్టు. మొదటి పీపా అడుగు చిరిగిపోయింది. రెండోదాన్ని మంట మీద కాల్చితే అందులో మిగిలిన తారు వాసనకు మేస్త్రీ షెడ్డు వదిలి సడక్ మీదికి ఉరికాడు. మూడోది ఒకే స్వరం పలికేది, ఎక్కడ కొట్టినా. "మా నాయిన గుర్తుకొస్తుండు" అన్నాడు సుత్తి. ఎండాకాలం పోయి, వానలు పోయి, చలి మొదలయ్యేనాటికి పాట పలికే చిన్న పీపాలు రెండు, పొట్టలోంచి గుమ్మనే పెద్ద పీపా ఒకటి తయారయ్యాయి. పెద్దది నాకు. మామ ఎండిన సొరబుర్రలో చింతగింజలు పోసి మూతి బిగించి, దాన్ని ఊపుతూ తాళం పట్టాడు. నలుగురం. చిట్యాల సడక్ మీద ఆ దీవి దిగింది.

ఇక పాట కావాలి. రికార్డులో ఉన్నదాన్నే కొడదామంటే మామ ఒప్పుకోలేదు. "నకలు వద్దు. నీది నువ్వు కట్టు. ఒక్కటి మాత్రం యాదికి వెట్టుకో. చప్పుడు ఎవ్వడన్న చేస్తడు, ఆపెటోడే ఉస్తాద్. నడుమ ఒక్కసారి అందరు టక్కున ఆగాలె. మల్ల అందుకున్నప్పుడు వినెటోని గుండె ఎగిరి పడాలె." సరే కడదామని రోజుల తరబడి షెడ్డులో తల గోక్కున్నాను. ఒక్క ముక్క రాలేదు. ఒక ఆదివారం ఇంటికి పోతే నాయినకు నడుం నొప్పిగా ఉందని నన్ను మగ్గంలో కూర్చోబెట్టారు. కాళ్లు కింద కట్టెలు తొక్కుతుంటే, చెయ్యి పోగుల మధ్య నాడె విసురుతుంటే, ఉన్నట్టుండి వినిపించింది. కాళ్లది ఒక తాళం, చేతులది ఇంకో తాళం. రెండూ కలవవు, తప్పవు. ఆ దీవి మనుషులు ఒంట్లో రెండు తాళాలు పెట్టుకుంటారని మామ చెప్తే ఏదో మాయ అనుకున్నాను. మా నాయిన పొద్దంతా చేసేది అదే కదా! నాడె అటు ఇటు పోయే చప్పుడు సుత్తికి ఇచ్చాను. కాళ్ల కింది గుమ్ గుమ్ నేను ఉంచుకున్నాను. ఈలగాడికి మాత్రం పైన తేలేది, నిజమైన పాట, ఇచ్చాను. పాటను కాగితం మీద రాసుకోవడం రాని మా ముగ్గురికీ గుర్తుండేందుకు నూలుపోగులకు ముడులు వేశాను. ఎర్రపోగు సుత్తిది, నీలిపోగు ఈలగాడిది. ముడి ఉన్నచోట కొట్టాలి, లేనిచోట ఆగాలి. (మొదటిసారి కట్టిన పాటను ఈలగాడి మేకపోతు నమిలి మింగింది. మా పాట నచ్చిందని అందరికంటే ముందు చెప్పింది అదే.)

ముడులు వేస్తూ ఉండగా నాయిన కంట పడ్డాను.

"ఏందిరా గిది?"

"పాట, నాయినా."

"నూలుకు ముడేస్తె పాటనా? నా జిందగంత తెగిన పోగులకు ముడులేసుడే అయింది. ఒక్కటి సుత పాడలే."

నేను చెప్పుకున్నాను. బ్యాండు పెడతామని, పెండ్లిళ్లకు పోతామని, ఇంక గుంటలో కూర్చోనని. నాయిన చాలాసేపు ఆ ఎర్రపోగును వేళ్ల మధ్య నలిపాడు. పాట గురించి కాదు, రంగేసిన నూలు పాడైందే అని. చివరికి అన్నాడు: "ఇను. ఒక్క పెండ్లి జెయ్యుండ్రి. పెండ్లోళ్లు నా మొకం మీద మెచ్చుకోవాలె. మెచ్చుకుంటె నీ తొవ్వ నీది, మల్ల మగ్గం పేరెత్త. లేకుంటె షెడ్డూ లేదు, పీపా లేదు, తెల్లారి వచ్చి గుంటల కూసోవాలె."

"మాటంటె మాటనా?"

"నేను నీ లెక్క పదిగొంతులోన్ని గాదు."

ఆ ఒక్క పెండ్లి ఈలగాడి చెల్లెలిది. అబ్బాయిది పాలమూరు జిల్లా, ఆలంపూర్ దగ్గరి పల్లె, వాళ్లదీ గొర్ల కుటుంబమే. ఆ ముహూర్తానికి చుట్టుపక్కల ఊళ్లన్నిటా పెండ్లిళ్లు పడ్డాయి. డప్పులవాళ్లను ముందే ఎవరెవరో మాట్లాడుకున్నారు. గొర్లకాకకు మేం తప్ప దిక్కులేకపోయింది. అయినా ఆయనకు మనసొప్పలేదు. "అరే, బిడ్డ పెండ్లిల పీపాలు కొడ్తె గాసునూనె అమ్మొస్తున్నరనుకోని జనం సీసలు పట్టుకోని ఉరికొస్తరు గదరా!" అన్నాడు. ఈలగాడు, చెల్లెలు ఇద్దరూ రెండు వైపుల నుంచి పోరితే తలూపాడు. ఊపుతూనే నా వైపు వేలు చూపించాడు: "ఇజ్జత్ కా సవాల్ బిడ్డా. పాలమూరోళ్లు శానా పట్టింపు మనుషులు. ఏమన్న తేడా వస్తె పెండ్లి అక్కడ్నే నిలవడ్తది." ఫికర్ వద్దు కాకా అన్నాను. నాకు ఆ రోజుల్లో ఫికర్ ఎట్లా ఉంటుందో తెలియదు.

మా వైపు పెండ్లికొడుకు వాళ్లు ఊరి పొలిమేరకు వచ్చి ఆగుతారు. పెండ్లికూతురి ఊరంతా బాజాలతో ఎదురు పోయి, వాళ్లకు శర్బత్ ఇచ్చి, వేళాకోళం చేసుకుని, గౌరవంగా ఊళ్లోకి తోలుకొస్తారు. అదే ఎదురుకోలు. ఆ రోజు లారీ నిండా దుమ్ము కొట్టుకుని, ఆకలి మొహాలతో పాలమూరు వాళ్లు దిగారు. పెండ్లికొడుకు మేనమామ అందరికంటే ముందు నిలబడ్డాడు. ఆయన మొహం గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు, మీసాలే అంతా ఆక్రమించుకున్నాయి. మా వైపు గొర్లకాక కొత్త రుమాలు చుట్టుకుని, చేతులు జోడించి నిలబడ్డాడు. మా నాయిన గుంపులో ఓ పక్కన నిలబడి, దీంతో నాకేం సంబంధం అన్నట్టు మోదుగ చెట్టు వైపు చూస్తున్నాడు. అవ్వ నాయిన భుజం పట్టుకుని నిలబడింది. మామ సొరబుర్ర ఒకసారి ఊపాడు. మొదలుపెట్టాం.

గొప్ప చెప్పుకోవడం కాదు గాని, మొదటి సగం గాలిలో తేలింది. పెద్ద పీపా గుమ్మంటుంటే కాళ్ల కింద నేల అదిరింది. సుత్తి నాడె తాళాన్ని వదలకుండా పట్టాడు. ముసలివాళ్ల నడుములు కదిలాయి. మీసాల మామ మీసాల కింద ఏదో జరుగుతున్నట్టు అనిపించింది. నాయిన చెట్టు వైపే చూస్తున్నాడు గాని, కాలు మాత్రం నేలమీద మగ్గం కట్టె తొక్కుతున్నట్టు ఆడుతోంది. నేను చూశాను. నా ప్రాణం లేచొచ్చింది. గెలిచాను అనుకున్నాను. సరిగ్గా అప్పుడు, నేను కట్టిన చోట, ముడి లేనిచోట, మేమంతా టక్కున ఆగాం.

ఆగాక ఈలగాడు ఈల వేయాలి. ఆ ఈలతో రెండో సగం ఎత్తుకోవాలి. ఈల వేద్దామని వాడు పెదాలు సున్నా చుట్టాడు. ఇంతలో వాడి మేనత్త, పొద్దున్నుంచి పిల్లగాడు ఏమీ తినలేదని బాధపడుతున్న మనిషి, ఇదే సందు అనుకుని మలీద ముద్ద ఇంత లావుది వాడి నోట్లో కుక్కింది. "తిను నాయినా, చెల్లె పెండ్లి, ఆకలి మీద కొడ్తున్నవు" అంది. రొట్టె, బెల్లం, నెయ్యి కలిపిన ముద్ద నోటినిండా ఉంటే ప్రపంచంలో ఏ ఉస్తాదూ ఈల వేయలేడు. వాడు మమ్మల్ని చూశాడు. మేం వాణ్ని చూశాం. ఊరు మా అందరినీ చూసింది.

పొలిమేరంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. మామూలు నిశ్శబ్దం కాదు. ఊపుతున్న నడుములు ఆగాయి. దూరంగా ఉన్నవాళ్లు దగ్గరికొచ్చారు. పిల్లల నోళ్లు తల్లులు మూశారు. ఒకాయన చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. అప్పుడు మా అవ్వ, చెవిటి అవ్వ, నాయిన భుజం వదిలి ఒక్కడుగు ముందుకేసి గట్టిగా అడిగింది:

"ఏం సాటింపురా మనుమడా? జల్ది జెప్పు!"

అప్పటికి గాని నాకు తట్టలేదు. లాటిన్ దేశాల్లో ఆగితే గుండె ఎగిరి పడుతుందేమో. మా ఊళ్లో ఆగితే దండోరా. ఇంతమంది, పెండ్లి మానుకుని, నేను ఏం చెప్తానా అని ఎదురుచూస్తున్నారు. చెప్పడానికి ఏమీ లేదని చెప్పొచ్చు. బుద్ధున్నవాడు అదే చెప్తాడు. నాకేమో పొద్దున్నుంచి కడుపులో శర్బత్ తప్ప ఏం లేదు. గాలి మా గొర్లకాక ఇంటివైపు నుంచి వీస్తోంది, గాలి నిండా కూర వాసన. నా నోరు నన్ను అడగలేదు.

"బువ్వ తయారైంది! అందరు పోయి కూసోవాలె!"

అంతే. ఊరు వెనక్కి తిరిగింది. తిరగడం అంటే మామూలు తిరగడం కాదు, మంద మళ్లినట్టు. ముసలివాళ్లు, పిల్లలు, శర్బత్ చెంబులు మోస్తున్నవాళ్లు, చెంబులతో సహా. కళ్లు మూసి తెరిచేలోపు పొలిమేర దగ్గర మిగిలింది పాలమూరు వాళ్లు, చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్న గొర్లకాక, మేం నలుగురం, మా నాయిన. ఈలగాడు ఇంకా నములుతున్నాడు.

మీసాల మామ చాలా నెమ్మదిగా అన్నాడు: "ఏమయ్య బావా. మేం దిగంగనే మీ ఊరంత బువ్వకు ఉరికింది. మేమేమన్న మీ ఇస్తార్లు గుంజుకునేటోళ్ల లెక్క కనవడ్తున్నమా?"

"అయ్యో గట్ల గాదు బావా, పోరగాండ్లు..."

"ఎదురుకోలు నడిమిట్ల ఇడిసిపెట్టి పోయిన ఊరును నా జిందగిల సూల్లే. అరేయ్, లారీ తిప్పుండ్రిరా!"

గొర్లకాక తలమీది కొత్త రుమాలు తీసి చేతుల్లోకి తీసుకున్నాడు. మీసాల మామ కాళ్ల ముందు పెడతాడేమో అనిపించింది. ఈలగాడు ముద్ద మింగేశాడు గాని కళ్లలో నీళ్లు మింగలేకపోయాడు. నా మగ్గం గుంట సంగతి అప్పుడు నాకు గుర్తుకు రాలేదంటే అబద్ధమవుతుంది. వచ్చింది. కాని రెండోదిగా వచ్చింది. మొదట గుర్తొచ్చింది పసుపు బట్టల్లో ఇంట్లో కూర్చుని, బాజా ఇంకా దగ్గరికి రాదేమని తలుపు వైపు చూస్తూ ఉండే ఆ పిల్ల. బాజా మామ నా వెనకకు వచ్చి చెవిలో అన్నాడు: "అల్లుడా, ఆపినోనివి నువ్వే. మల్ల ఆపు."

నాకు వెలిగింది. "సుత్తీ, మొదట్నించి! గట్టిగ!" అన్నాను. పీపాలు పగిలిపోతాయేమో అన్నంతగా కొట్టాం. లారీ ఎక్కబోతున్నవాళ్లు ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి నిలబడ్డారు. ముడి లేని చోటు వచ్చింది. ఆపాం. ఊళ్లో ఇస్తారి ముందు కూర్చున్నవాడికి డప్పు ఆగిన సంగతి వినిపించకుండా ఉంటుందా? ఒక్కరొక్కరే లేచి, బువ్వ ఇంకా వడ్డించలేదేమని తిట్టుకుంటూ, మళ్లీ పొలిమేరకు ఉరికొచ్చారు. అందరికంటే ముందు మా అవ్వ. ఊరంతా చేరేదాకా ఆగి, మా ఊరి దండోరా వేసే ముసలాయన గొంతు ఎత్తుకున్నాను. పంతులు దగ్గర నేర్చిన చదువు అక్కరకొచ్చింది.

"ఇనుండ్రి ఇనుండ్రి! పాలమూరు మామలు రాళ్లల్ల రప్పల్ల పడి మన పిల్ల కోసం వచ్చిర్రు! వాళ్ల మీసాలకు అంటిన దుమ్ము కడిగి, వాళ్ల ఇస్తార్ల ముందుగాల వడ్డించి, వాళ్లు తేన్పులు తీసినంకనే మనూరోళ్లు ముద్ద ముట్టాలె! గిది గొర్లకాక హుకుం! ముందుగాల ముట్టినోని నెత్తి మీద పీపా బోర్లిస్తం!"

 లారీ మీంచి ఎవరో కిసుక్కుమన్నారు. పెండ్లికొడుకు అనుకుంటాను. మీసాల మామ వెనక్కి తిరిగి ఉరిమి చూశాడు. మళ్లీ నా వైపు తిరిగాడు. మీసాలు వణికాయి. కోపం అనుకుని నేను పీపా అడ్డం పెట్టుకున్నాను.

"ఏయ్ పీపాలోడా" అన్నాడు. "ఇంకోసారి కొట్టి ఆపు. మాకు సుత జెప్పేది ఉన్నది."

కొట్టాం. ఆపాం. ఆయన గొంతు సవరించుకుని, మీసం దువ్వుకుని, ఊరినంతా ఉద్దేశించి దండోరా వేశాడు: "ఇనుండ్రి! మేం పిల్ల కోసమే వచ్చినం, కూర కోసం గాదు! కని గా వాసన పీలుస్తుంటె, ముందుగాల కూరను ఎదురుకుంటం, పిల్లను తర్వాత సూస్తం!"

పొలిమేర పకపకలాడింది. ఈలగాడి మేనత్త ఊరుకుంటుందా? కొంగు బిగించి ముందుకొచ్చింది. "కొట్టుండ్రి కొడకా! ఆపుండ్రి!" కొట్టాం, ఆపాం. "ఇనుండ్రి! మా ఊర్ల గొర్లకు బొచ్చు కత్తిరిచ్చే దినాలివి! పెండ్లికొడుకు మామను సుత గా వరుసల నిలవెట్టుండ్రి! మీసాలు మస్తు పెరిగినయి!" ఇక చెప్పేదేముంది. వాళ్లు ఒకటి, వీళ్లు ఒకటి. ఎదురుకోలులో వేళాకోళం ఎప్పుడూ ఉండేదే గాని, ఎవరి మాట ఎవరికీ వినిపించని గోలగా ఉండేది. ఇప్పుడు ఒక్కొక్కరికి వంతు దొరికింది, ఊరంతా నిశ్శబ్దంగా వినడం దొరికింది. పెండ్లికొడుకు కూడా సిగ్గుపడుతూ ఒక దండోరా వేశాడు. (ఏమన్నాడో చెప్పను. ఆ అమ్మాయి ఇప్పుడు మనుమలున్న పెద్దమనిషి.) పొద్దు వాలేదాకా మేం మొదటి సగం కొడుతూనే ఉన్నాం, ఆపుతూనే ఉన్నాం. రెండో సగం ఎత్తుకోబోతే చాలు, "ఏయ్, ఆపు! ఇంక నా వంతు రాలే!" అని ఎవరో ఒకరు అరిచేవారు. ఈలగాడి కోసం కట్టిన పాట, నిజమైన పాట, రెండో సగంలోనే ఉంది. దాన్ని ఆ రోజు ఎవరూ వినలేదు.

పంక్తిలో మీసాల మామ మా నాయినను పట్టుకుని, "నీ కొడుకు పాట ఎట్లుంటదో నాకు తెల్వదు గని, ఆపుడు మాత్రం మస్తుగ ఆపుతడయ్య" అన్నాడు. నాయిన మెతుకులు కలుపుకున్నాడు. ఆయన ఏమంటాడో తెలియక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి నేనే అడిగాను.

"మెచ్చుకున్నరు గద, నాయినా."

"పాటను మెచ్చుకోలే. ఆపుడును మెచ్చుకున్నరు."

"ఆపుడు సుత పాటల్నే ఉన్నది. గది సుత నేనే కట్టిన."

నాయిన మగ్గం మీద ఉన్న బట్టను వేలితో వెలుతురుకు ఎత్తి చూశాడు. పోగుకూ పోగుకూ మధ్య సన్నటి సందుల్లోంచి వెలుతురు వస్తోంది. "సందు లేకుంటె బట్ట గాదు, చెక్క అయితది" అన్నాడు, బట్టతో అన్నట్టుగా. తర్వాత నా వైపు చూడకుండానే, "మాటంటె మాట. నీ తొవ్వ నీది. గా ఎర్రనూలు మాత్రం ముట్టకు" అన్నాడు.

పెండ్లికూతురు పాలమూరు లారీ ఎక్కి వెళ్లిపోయిన సాయంత్రం ఈలగాడు ఎవరితోనూ మాట్లాడకుండా మందను తోలుకుని పోతుంటే, మేం పీపాలు మోసుకుని వాడి వెనకే నడిచాం. బోడగుట్ట కింద గొర్లు మేస్తున్నాయి. వాడే అన్నాడు, "మిగిలింది కొడ్దామారా?" అని. మొదటి నుంచి కొట్టాం. ముడి లేనిచోట ఆగాం. గొర్లన్నీ ఒక్కసారిగా మేత ఆపి తలెత్తి మా వైపు చూశాయి. (మా ఊరి గొర్లు కదా. దండోరా వాటికీ తెలుసు.) ఈలగాడు ఈల వేశాడు. ఆ ఈల ఏ గొర్రెదీ కాదు, చెల్లెలిది. రెండో సగం మొత్తం, చివరి ముడి దాకా, ఎవరూ ఆపమని అరవకుండా కొట్టాం. బాజా మామ సొరబుర్ర ఊపడం మరిచిపోయి, దాన్ని ఒళ్లో పెట్టుకుని విన్నాడు. నా లాటిన్ జాజ్ పూర్తిగా మోగింది ఆ ఒక్కసారే.

తర్వాత మమ్మల్ని చాలా ఊళ్లు పిలిచాయి. పిలిచినవాళ్లంతా "ఆపుడు బ్యాండోళ్లు" అని అడిగేవారు. పాట ఏదైనా పరవాలేదు, ఎదురుకోలులో ఆపితే చాలు. ఇత్తడి బూరల బ్యాండులు వచ్చి, సినిమా పాటలు వాయించడం మొదలుపెట్టాక మమ్మల్ని పిలవడం ఆగిపోయింది. సుత్తి పీపాను కొలిమిలో నీళ్లతొట్టి చేసుకున్నాడు. బాజా మామ పోయాడు. గ్రామఫోను పెట్టె నా దగ్గరే ఉంది, కీ తిరగదు.

మరి నా తొవ్వ నాది అయింది కదా, ఎక్కడికి పోయాను అంటారా? ఎక్కడికీ పోలేదు. షెడ్డుకు పోయి రెండో పాట కడదామని కూర్చున్నాను. ఒక్క ముక్క రాలేదు. కాళ్లకు ఒక తాళం, చేతులకు ఒక తాళం ఉంటే గాని నాకు పాట రాదని అప్పుడు తెలిసింది. ఎవరూ చెప్పకుండానే, ఒక్క పాట కోసమని, వచ్చి గుంటలో కూర్చున్నాను. నాయిన చూసి, పక్కకు జరిగి జాగా ఇచ్చాడంతే. ఆ ఒక్క పాట ఇంకా పూర్తికాలేదు. జుట్టు నెరిసింది, వీధిలో పోయేవాళ్ల కాళ్లు చూసి మనిషిని పోల్చుకోవడం బాగా వచ్చింది. ఆ పందెంలో నాయిన గెలిచాడా, నేను గెలిచానా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఆలోచిస్తూ ఉంటే చెయ్యి ఆగిపోతుంది, కాళ్లు ఆగిపోతాయి, మగ్గం టక్కున ఊరుకుంటుంది. ముడి లేనిచోటు అది. ఆ నిశ్శబ్దంలో ఈలగాడి ఈల కోసం నా చెవులు ఇప్పటికీ ఎదురుచూస్తాయి.

వంటింట్లోంచి మా ఇంటావిడ కేకేస్తుంది: "ఏంది, ఏమన్న సాటింపా?"

నేను ఇంకేం చెప్తాను? ఆ రోజు పొలిమేరలో చెప్పిందే, కాస్త మెల్లగా, అడుగుతున్నట్టుగా చెప్తాను.

"బువ్వ తయారైందా?"